విదేశీ గుళ్ళ టూర్లు నడిపే మా జిల్లాల ట్రావెల్స్ వారికి బహిరంగ లేఖ

నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో విదేశీ గుళ్ళ టూర్లు నడుపుతున్న ట్రావెల్స్ యజమానులకు, బస్సులో మైకు పట్టుకొని ముందు నిలబడే టూర్ మేనేజర్ తమ్ముళ్ళకు,

నమస్కారం.

నేను నల్లగొండలో ఉంటాను. జడ్పీ హైస్కూళ్ళలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. పోయిన చలికాలం మీలో ఒకరి టూర్‌లో కాంబోడియా, వియత్నాం వెళ్ళొచ్చాను. ఎవరి టూరో ఇక్కడ రాయను. తిరిగొచ్చాక పాత కొలీగ్స్‌ని అడిగితే, వేరే ట్రావెల్స్‌లో వెళ్ళినవాళ్ళ ముచ్చట కూడా అచ్చం ఇదే. అందుకే ఒక్కరికి కాకుండా అందరికీ రాస్తున్నాను.

తిండి గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. వంటమనిషిని వెంట తెచ్చారు. అంగ్‌కోర్ గుళ్ళకు దగ్గరి ఊరు సియెమ్ రీప్‌లో పొద్దున ఉప్మా, రాత్రి పప్పుచారు, పెరుగన్నం. షుగర్ ఉన్నవాళ్ళకు వేళకు పెట్టారు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు లిఫ్ట్ పక్కనే రూములిచ్చారు. ఇంత శ్రద్ధగా చూసుకున్నవాళ్ళు గుడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకట్లా తొందరపడ్డారన్నదే నా బాధ.

మా ప్రోగ్రాం కాగితంలో నాలుగో రోజు దగ్గర 'అంగ్‌కోర్ వాట్ పూర్తి దర్శనం' అని ఉంది. ఆ రోజు ఎట్లా గడిచిందో చెప్తాను. తొమ్మిదింటికి బస్సు కదిలింది. టికెట్ కౌంటర్ గుడి దగ్గర ఉండదు, వేరే చోట ఉంటుంది. ఒక్కొక్కరినీ కెమెరా ముందు నిలబెట్టి, ఫొటో ఉన్న టికెట్ ఇస్తారు. ముప్పై నాలుగు మందిమి. గుడి ముందు దిగేసరికి పావు తక్కువ పదకొండు. దిగీ దిగగానే మైకులో చెప్పారు: "పన్నెండున్నరకల్లా అందరూ బస్సు దగ్గర ఉండాలి."

ఆ గుడి చుట్టూ ఉన్న కందకమే 190 మీటర్ల వెడల్పు. అది దాటి, బయటి గోపురం దాటి, రాళ్ళు పరిచిన పొడవాటి దారిన నడిస్తే అప్పుడు గుడి. మధ్యలో కొలను ఉంటుంది, అందులో గోపురాల నీడ పడుతుంది. అక్కడ గ్రూప్ ఫొటో, జంటల ఫొటోలు, ఆడవాళ్ళది వేరే ఫొటో, వీడియో. ముప్పై అయిదు నిమిషాలు అక్కడే పోయాయి. తర్వాత లోపలికి పరుగు. మధ్య గోపురం కింది దాకా తీసుకెళ్ళి "ఇదిగో, అయిపోయింది" అన్నారు. భోజనం అయ్యాక చెట్ల వేళ్ళు గోడల్ని పట్టుకొని ఉన్న తా ప్రోమ్ గుడికి నలభై నిమిషాలు. రాతి ముఖాల బయోన్ గుడి బస్సు కిటికీలోంచే. ఆ తర్వాత పట్టుచీరలు, రంగురాళ్ళు అమ్మే షోరూమ్‌లో రెండు గంటల పది నిమిషాలు. గడియారం చూసి రాసుకున్నాను, టీచర్ బుద్ధి ఎక్కడికి పోతుంది.

మీ తప్పు ఎక్కడుందో తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. మనకు గుడి అంటే గర్భగుడి. లోపలికి వెళ్ళి దేవుణ్ణి చూసి, తీర్థం పుచ్చుకొని, శఠగోపం పెట్టించుకొని బయటపడితే దర్శనం అయినట్టు. ఆ అలవాటునే మీరు అక్కడికీ పట్టుకెళ్ళారు. మధ్య గోపురం దగ్గర చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. అంగ్‌కోర్ వాట్‌లో చూడాల్సింది గోడ. కింది అంతస్తులో గుడి చుట్టూ ఒక వసారా ఉంటుంది, నాలుగు వైపులా కలిపితే దాదాపు 800 మీటర్లు. దాని లోపలి గోడంతా బొమ్మలే. కురుక్షేత్రం, లంకా యుద్ధం, గుడి కట్టించిన రెండో సూర్యవర్మ సైన్యం, స్వర్గ నరకాలు, క్షీరసాగర మథనం. మమ్మల్ని ఆ వసారాను అడ్డంగా దాటించి తీసుకెళ్ళారు, మళ్ళీ అడ్డంగా దాటించి తెచ్చారు. కురుక్షేత్రం పడమటి ద్వారం పక్కనే ఉంది. అంపశయ్య మీద భీష్ముడున్నాడు. ఆయన పక్క నుంచే నడిచి భోజనానికి పోయాం.

ఒకరిద్దరం ఆగి చూద్దామని ఎడమకు తిరిగాం, ప్రదక్షిణం అలవాటు కదా. అక్కడి గైడు, పాపం మంచివాడు, పరుగున వచ్చి "ఇటు కాదు, అటు" అని కుడివైపు చూపించాడు. ఈ గుడిలో కథ నడిచేది అపసవ్యంగా. గుడి మన ఎడమచేతి వైపు ఉండేట్టు తిరిగితేనే బొమ్మలు వరుసలో వస్తాయి. మాతో వచ్చిన మిర్యాలగూడ పెద్దమ్మ గట్టిగా అడ్డం తిరిగింది. "చావుకు తిరిగినట్టు తిరుగుమంటున్నడేంది బిడ్డా?" ఆమె అన్నది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. గుడి పడమటికి తిరిగి ఉంది, బొమ్మలు అపసవ్యంగా నడుస్తున్నాయి, కాబట్టి ఇది రాజు తన మరణానంతరం కోసం కట్టించుకున్నదేమో అని పండితులు కూడా వాదించారు. చదువు లేని పెద్దమ్మ ఒక్క నిమిషంలో అక్కడికి వచ్చేసింది. ఈ ముచ్చట గైడుతో మాట్లాడిద్దామంటే, బస్సు హారన్ కొట్టింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదో తరగతి పిల్లలకు ఎన్నేళ్ళు ఈ గుడి బొమ్మ చూపించి పాఠం చెప్పానో. అక్కడి దాకా పోయి మథనం చూడకుండా వస్తే ఎట్లా? మర్నాడు మీ ప్రోగ్రాంలో 'ఫ్రీ టైమ్ – షాపింగ్' అని ఉంది. నేనూ, నాతో వచ్చిన లెక్కల టీచరూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి టుక్‌టుక్ ఎక్కాం. కౌంటర్ తెల్లవారకముందే తెరుస్తారు. మా నిన్నటి టికెట్ చెల్లలేదు, అది ఒక్కరోజుది. ఒక్కరోజు టికెట్ 37 డాలర్లు. మూడు రోజులది 62. వారం రోజులది 72. నాకు రెండుసార్లు ఒక్కరోజు టికెట్ కలిపి 74 అయింది. అంటే వారం రోజులు తిరిగే టికెట్ కంటే రెండు డాలర్లు ఎక్కువ కట్టి, ఒక పూటా ఒక పొద్దూ చూశానన్నమాట. లెక్కల టీచర్ కౌంటర్ ముందే ఈ లెక్క వేసి నా మొహం వంక చూసింది.

తూర్పు వైపు మట్టిదారిన వెళ్ళాం. జనమంతా సూర్యోదయం కోసం పడమటి కొలను దగ్గర ఫోన్లు పట్టుకొని నిలబడి ఉంటారు కాబట్టి ఇటు ఎవరూ లేరు, పక్షుల అరుపులు తప్ప. వసారాకు బయటివైపు స్తంభాలు, లోపలివైపు గోడ. సూర్యుడు కొంచెం పైకి రాగానే స్తంభాల సందుల్లోంచి ఎండ పట్టీలు పట్టీలుగా గోడ మీద పడింది. అప్పుడు కనపడింది మథనం. 49 మీటర్ల పొడవున ఒకే కథ.

మన ఎడమవైపు రాక్షసులు, కుడివైపు దేవతలు, మధ్యలో విష్ణువు, ఆయన కింద తాబేలు, వాసుకిని పట్టుకొని గుంజుతున్న చేతులు. రాక్షసులు 92, దేవతలు 88 అని లెక్క. లెక్కల టీచర్ తనే చూస్తానని మొదలుపెట్టి అరవై దాకా వచ్చి వదిలేసింది. రాక్షసులవి గుండ్రంగా బయటికి వచ్చిన గుడ్లు, దేవతలవి కోలకళ్ళు. తెడ్డు తిరిగేచోట, అంటే కవ్వం కింద, సముద్రంలోని చేపలూ మొసళ్ళూ ఆ వడికి తునకలు తునకలై ఉన్నాయి. అది చూసి నేను అక్కడే కూర్చుండిపోయాను. మజ్జిగ చిలికే ఇంట్లో పుట్టిన మనిషిని, కవ్వం దగ్గర పాలు ఎట్లా సుడి తిరుగుతాయో తెలుసు. ఆ శిల్పికీ తెలుసు. మథనం కథ నేను వందసార్లు విన్నాను కానీ, ఆ సముద్రంలో ఉన్న చేపల గతేమిటని ఒక్కసారీ అనుకోలేదు.

దేవతల వైపు చిట్టచివర, తోక దగ్గర, ఒక కోతి ఉంది. హనుమంతుడంటారు. మన భాగవతంలో మథనం దగ్గర హనుమంతుడెక్కడున్నాడు? లేడు. అక్కడి కథ అక్కడిది. ఈ ఒక్క కోతి మీద గంటసేపు మాట్లాడుకోవచ్చు, బస్సులో అంతాక్షరి ఆడించే బదులు.

ఇక్కడే ఇంకో మాట. మీ తమ్ముడు మైకులో "ఇది మన ఇండియా వాళ్ళు కట్టిన గుడి, గట్టిగా చప్పట్లు కొట్టండి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ముందు సీట్లో ఉన్న గైడుకు హిందీ వచ్చు, ఇండియా అన్న మాటా చప్పట్లూ చాలు కదా, ఆయన మొహం మాడిపోయింది. అది కట్టింది ఖ్మేర్ రాజు, అంటే అక్కడి జాతి రాజే. రాయి కూలెన్ కొండలది, మోసిందీ చెక్కిందీ ఖ్మేర్ మనుషులే. దేవుళ్ళూ కథలూ ఇక్కడి నుంచి వెళ్ళాయి, సరే. గోలకొండ కట్టడం తీరులో పర్షియా ఉందని ఇరాన్ నుంచి ఎవరో వచ్చి "మేమే కట్టాం" అంటే మనం ఊరుకుంటామా? కాంబోడియా జెండా మీద ఆ గుడి బొమ్మ ఉంటుంది. ఒక థాయ్ నటి ఆ గుడి తమ దేశానిది అన్నదన్న పుకారు పుట్టినందుకే 2003లో వాళ్ళ రాజధాని నాంపెన్‌లో థాయ్ ఎంబసీని తగలబెట్టారు. పైగా 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో పదిహేను లక్షలకు పైగా జనాన్ని పోగొట్టుకున్న దేశం అది. ఆ గైడు వయసు చూస్తే అప్పటికి చిన్నపిల్లవాడు. అటువంటి మనిషి ముందు ఆ చప్పట్లేంటి? మనం గొప్పగా చెప్పుకోదలిస్తే చెప్పుకోవడానికి వేరే ఉంది. మన పురావస్తు శాఖ వాళ్ళు 1986 నుంచి 1993 దాకా అంగ్‌కోర్ వాట్‌లో మరమ్మతులు చేశారు, తర్వాత తా ప్రోమ్‌లోనూ చేశారు. తా ప్రోమ్‌లో ఆ బోర్డు ఉంది. దాని ముందు నుంచే మమ్మల్ని నడిపించారు, ఎవరూ చూపించలేదు.

మిర్యాలగూడ పెద్దమ్మ సంగతి ఇంకా ఉంది. ఆమె కొంగుకు కట్టుకున్న కుంకుమ విప్పి, గోడ మీద ఒక అప్సరస నుదుటికి బొట్టు పెట్టింది. ఎక్కడి నుంచి వచ్చాడో సెక్యూరిటీ మనిషి, అరుచుకుంటూ వచ్చి చెయ్యి పక్కకు తోశాడు. మన గ్రూపులోనే కొందరు నవ్వారు. ఆమె మళ్ళీ సాయంత్రం దాకా మాట్లాడలేదు. "బొట్టు పెడితే గంత కోపమా?" అని రాత్రి నన్ను అడిగింది. తప్పు ఆమెది కాదు. తొమ్మిది వందల ఏళ్ళ ఇసుకరాయి, చేతి జిడ్డుకే నల్లబడుతుంది, ముట్టుకోవద్దు అని బస్సులో రెండు ముక్కలు చెప్తే ఆమె అసలు పెట్టేదే కాదు. అంతకంటే నాకు కోపం వచ్చిన సంగతి వేరే. పడమటి గోపురంలోనే ఎనిమిది చేతుల విష్ణువు నిలువెత్తు విగ్రహం ఉంది. అక్కడివాళ్ళు తా రీచ్ అని పిలుస్తారు. కాషాయం బట్ట కట్టి, అగరొత్తులు వెలిగించి, ఈ రోజుకీ మొక్కుతారు. పెద్దమ్మను అక్కడికి తీసుకెళ్ళి ఒక అగరొత్తి చేతికిస్తే ఆమె టూర్ డబ్బులు వసూలైపోయేవి. పాడుబడ్డ గుడి అని మీరు చెప్పారు, ఆమె నమ్మింది. అది పాడుబడలేదు. విష్ణువు గుడిగా పుట్టి, బౌద్ధ గుడిగా మారి, ఎన్నడూ పూర్తిగా ఖాళీ కాని గుడి.

ఆ పెద్దమ్మే మర్నాడు బస్సులోంచి ఒక షాపు బోర్డు చూసి "ఇవి మన పంచాంగంల అంకెల లెక్కనే ఉన్నయి" అన్నది. నేను నమ్మలేదు. చూస్తే నిజమే, వాళ్ళ రెండు, మూడు అంకెలు మన పాత తెలుగు అంకెలకు తోబుట్టువుల్లా ఉన్నాయి. అక్షరాల నెత్తిన తలకట్టు లాంటి గీత, ఒత్తులు మనలాగే కింద. గైడును అడిగితే, పైన గీతను వాళ్ళు జుట్టు అంటారని, కింది ఒత్తును పాదం అంటారని చెప్పాడు. రెండు లిపులకూ మూలం దక్షిణాది బ్రాహ్మి. మా ట్రిప్ మొత్తంలో గైడు నవ్వుతూ పాఠం చెప్పింది ఆ పది నిమిషాలే. చెప్పించుకునే వాళ్ళుంటే చెప్పేవాళ్ళు ఉంటారు.

ఇక నేను అడిగేది. ముందు మమ్మల్ని ఒకరోజు నల్లగొండ పక్కనున్న పానగల్లు తీసుకెళ్ళండి.

నవ్వకండి. మీ టూర్‌కు వచ్చేవాళ్ళలో సగం మంది నల్లగొండ వాళ్ళం, ఉదయసముద్రం పక్కనే ఉన్న ఛాయా సోమేశ్వరం లోపలికి చదువుకునే రోజుల్లో పోయినవాళ్ళమే. లింగం వెనక గోడ మీద పొద్దంతా కదలని నీడ పడుతుంది, అది మాయ అని విని దండం పెట్టి వచ్చాం. నిలబడి చూస్తే అది ఒక్క స్తంభం నీడ కాదు. వెలుతురు ఒక్క దిక్కు నుంచి కాకుండా వేరే వేరే దిక్కుల నుంచి లోపలికి వచ్చేట్టు, స్తంభాల నీడలు కలిసి ఒక్కటిగా పడేట్టు కట్టారు. గుడిని వెలుతురుతో కలిపి చూడాలన్న సంగతి అక్కడ అర్థమైతే, అంగ్‌కోర్‌లో తూర్పు గోడ పొద్దున, పడమటి గోడ మధ్యాహ్నం తర్వాత చూడాలని ఎవరూ చెప్పక్కర్లేదు. దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరం. దాని గోడల మీదా రామాయణ, భారత కథలున్నాయి. నల్లరాయి మీద చిన్న చిన్న బొమ్మలు. గోడను కథగా చదవడం అక్కడ రెండు గంటలు నేర్చుకుంటే, 800 మీటర్ల గోడ ముందు బిత్తరపోం.

ఓపిక ఉంటే సూర్యాపేట పక్కన పిల్లలమర్రి కూడా. అక్కడ ఎరకేశ్వరాలయం 1208లో ఎరకసాని కట్టించింది. అదే కాలంలో అంగ్‌కోర్‌లో ఏడో జయవర్మ బయోన్ ముఖాలు చెక్కిస్తున్నాడు. ఎరకసాని రాజు కాదు, కాకతీయుల సామంతులైన రేచర్ల వారి ఇంటి ఆడమనిషి. ఈ ముక్క పిల్లలమర్రిలో విని ఉంటే, బయోన్‌ను బస్సు కిటికీలోంచి చూపిస్తానంటే ఒప్పుకునేవాళ్ళమా? అందరం దిగేవాళ్ళం. ఖర్చెంత? ఒక బస్సు, ఒకరోజు, మధ్యాహ్నం భోజనం. మీ టూర్ ధరలో అది లెక్కలోకి రాని ఖర్చు.

తర్వాత టికెట్. మూడు రోజులది కొనండి. పదిరోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు, వరసగా తిరగక్కర్లేదు కాబట్టి మోకాళ్ళవాళ్ళు మధ్యలో ఒకరోజు పడుకోవచ్చు. తేడా 25 డాలర్లు. ముందే చెప్పి అడగండి, ఇస్తాం. లక్షన్నర కట్టినవాళ్ళం పాతిక డాలర్లకు వెనకాడం. పైన మధ్య గోపురం మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, భుజాలు, మోకాళ్ళు కప్పని బట్టలుంటే ఎక్కనివ్వరు. మాలో ఎక్కబోయిన అయిదుగురిని ఆపేశారు. బౌద్ధుల పర్వదినాల్లో పైకి పోవడమే లేదు, అవి మన అష్టమి, పౌర్ణమి, అమావాస్యలకు దగ్గరగా వస్తాయి. పంచాంగం చూసి ముహూర్తం పెట్టే దేశంలో టూర్ తేదీ పెట్టేటప్పుడు పంచాంగం చూడ్డం కష్టమా?

షోరూమ్‌లు వద్దనను. మీకు అక్కడ కమీషన్ ఉంటుందని అందరికీ తెలుసు, అదే లేకపోతే టూర్ ధర పెరుగుతుందని కూడా తెలుసు. కాగితం మీద రాయండి. 'షోరూమ్ – రెండు గంటలు' అని రాస్తే కావలసినవాళ్ళు వస్తారు, మిగతావాళ్ళం గోడ దగ్గర ఉంటాం. నేను కూడా ఒక పట్టు కండువా కొన్నాను, బాగుంది.

మా వాకింగ్ బ్యాచ్ ఇరవై రెండు మందిమి వచ్చే ఏడు ఇండోనేషియాలోని జావా వెళ్దామనుకుంటున్నాం. అక్కడి బోరోబుదూర్ బౌద్ధ స్తూపం, ప్రంబనన్ గుళ్ళు చూడాలని. ప్రంబనన్ శివాలయం పిట్టగోడ లోపలివైపు రామాయణం ఉంది. అది తూర్పు నుంచి మొదలై సవ్యంగానే నడుస్తుందని మిర్యాలగూడ పెద్దమ్మకు ఇప్పటికే చెప్పాను, ఆమె సంచి సర్దుకుంటోంది. శివాలయంలో సగం కథ అయ్యాక మిగతాది పక్కన బ్రహ్మ గుడి మీద ఉంటుంది. కాబట్టి ఒక్క గుడి చూపించి బస్సెక్కమంటే రాముడు లంకకు చేరకుండానే మేం ఇంటికొస్తాం. కొటేషన్ పంపేటప్పుడు ప్రంబనన్‌కు ఎన్ని గంటలిస్తారో, ఏ గంట నుంచి ఏ గంట దాకానో రాసి పంపండి. హోటల్ ఎన్ని స్టార్లన్నది రెండో పేజీలో రాసినా ఫరవాలేదు.

ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి మేం కొందరం ఛాయా సోమేశ్వరం దగ్గర కలుస్తున్నాం. నీడ కింద నిలబడి ఒకరు చెప్తారు, మిగతావాళ్ళం వింటాం. మీ టూర్ మేనేజర్ తమ్ముళ్ళను పంపండి. పులిహోర మేమే తెస్తాం, మైకు మాత్రం తేవద్దని చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
నల్లగొండ